అలారం మోగితే లేచి వచ్చేదెవరు?

నెలలు నిండకముందే పుట్టిన పసికందు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతుంది. ఇరవై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఛాతీ కదలదు. దీన్ని కనిపెట్టడానికి ఆసుపత్రుల్లో మానిటర్లు ఉన్నాయి. డబ్బున్న దేశాల్లో అవి ఇళ్లకూ వచ్చాయి. బిడ్డ పాదానికి తొడిగితే తల్లి ఫోన్‌కు కబురు పంపే సాక్సులు కూడా అమ్ముతున్నారు. మన వాడల్లో, బస్తీల్లో, తండాల్లో పుట్టే పిల్లలకు ఇవెందుకు లేవని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకు ముందు ఈ యంత్రాల యాభై ఏళ్ల చరిత్ర తెలుసుకోవాలని మేం అనుకుంటున్నాం. ఊపిరి ఆగిందని చెప్పడం వరకే యంత్రం పని. బిడ్డను బతికించేది ఆ మోత విని పరుగెత్తుకొచ్చే మనిషి. మన దగ్గర అసలు కొరత ఆ మనిషికే, ఆ మనిషికి కావలసిన తీరికకు, జీతానికి, చోటుకే.

2020లో మన దేశంలో 30 లక్షలకు పైగా శిశువులు 37 వారాలు నిండకుండానే పుట్టారని అంచనా. ప్రపంచంలో జరిగే అలాంటి కాన్పుల్లో ఐదో వంతుకు పైగా ఇక్కడివే. ఇక 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడాది నిండకుండా చనిపోయిన పిల్లలు ఎస్సీల్లో 45 మంది, ఎస్టీల్లో 44, ఓబీసీల్లో 42, మిగతా కులాల్లో 32. 2019-21 సర్వే నాటికి దేశ సగటు 41 నుంచి 35కు తగ్గింది. కులాల మధ్య తేడా మాత్రం పోలేదు. ఈ మరణాల్లో ఎక్కువ భాగం మొదటి నెలలోనే జరుగుతాయి. నెలలు నిండకపోవడం వాటికి ఒక ప్రధాన కారణం.

ఊపిరి ఎందుకు ఆగుతుంది?

రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు కింది భాగం దాన్ని వెంటనే పసిగట్టి ఊపిరి వేగం పెంచుతుంది. ముప్పై వారాలకే పుట్టిన బిడ్డలో ఈ ఏర్పాటు ఇంకా పూర్తి కాదు. కడుపులో ఉన్నంతకాలం ఊపిరి బాధ్యత తల్లిది. ఒక్కసారిగా అది బిడ్డ మీద పడుతుంది. మెదడు ఆదేశం అందకపోతే ఛాతీ కదలడం ఆగిపోతుంది. ఒక్కోసారి ఆదేశం అందినా, మెడ ముందుకు వంగి మెత్తటి గొంతు మూసుకుపోవడం వల్ల గాలి లోపలికి వెళ్లదు. చాలాసార్లు ఈ రెండూ కలిసే జరుగుతాయి. ఊపిరి 20 సెకన్లు ఆగినా, అంతకన్నా తక్కువసేపే ఆగి గుండె వేగమో రక్తంలో ఆక్సిజనో పడిపోయినా వైద్యులు దాన్ని అప్నియా అంటారు. 28 వారాలకు ముందు పుట్టిన దాదాపు ప్రతి బిడ్డలోనూ ఇది కనిపిస్తుంది. బిడ్డ ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది.

ఛాతీకి అంటించే మానిటర్ చూసేది ఛాతీ కదలికనే. గొంతు మూసుకుపోయిన బిడ్డ గాలి కోసం కొట్టుకుంటుంటే ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, మానిటర్ అంతా బాగానే ఉందనుకుంటుంది. అందుకే రక్తంలో ఆక్సిజన్‌ను చర్మం మీంచి కొలిచే పల్స్ ఆక్సిమీటర్ కూడా కావాలి. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

కారణం దొరకని చావు

అప్నియా వేరు, సిడ్స్ వేరు. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లే చాలా అనర్థం జరిగింది. సిడ్స్ అంటే శిశువు హఠాన్మరణం. ఏడాది లోపు బిడ్డ నిద్రలో చనిపోతుంది. శవపరీక్ష చేస్తారు, పడుకున్న చోటు పరిశీలిస్తారు, ఆరోగ్య చరిత్ర అంతా తిరగేస్తారు. అయినా కారణం దొరకనప్పుడు మాత్రమే ఆ పేరు పెడతారు. 1969లో అమెరికాలోని సియాటెల్ నగరంలో జరిగిన వైద్యుల సదస్సులో ఈ పేరు స్థిరపడింది. రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఈ మరణాలు ఎక్కువ. నెలలు నిండని పిల్లలకు ఈ ముప్పు మిగతావారికన్నా రెండు మూడు రెట్లు.

మన దేశంలో సిడ్స్ అరుదని కొందరు రాస్తుంటారు. శవపరీక్షే జరగని చోట ఆ మాటకు ఆధారం ఏముంటుంది? మన ఇళ్లలో మూడు నెలల బిడ్డ తెల్లారేసరికి లేవకపోతే చెప్పే కారణాలు మూడే: దిష్టి తగిలింది, పాలు పొలమారాయి, తల్లి నిద్రలో ఒత్తిగిలి మీద పడింది. సాయంత్రానికి మట్టి చేసేస్తారు. ఏ రిజిస్టర్‌లోనూ కారణం ఉండదు. లెక్కలోకి రాని చావుకు బడ్జెట్ కూడా రాదు.

ఒక సిద్ధాంతం, ఒక వ్యాపారం

అమెరికాలో ఇంటి మానిటర్ల కథ 1972లో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పనిచేస్తున్న ఆల్‌ఫ్రెడ్ స్టైన్‌ష్నైడర్ అనే శిశువైద్యుడు ఒక పరిశోధన పత్రం రాశారు. అందులో ఐదుగురు శిశువుల వివరాలున్నాయి. వారిలో ఇద్దరు ఒకే ఇంటి పిల్లలు. ఆసుపత్రిలో మానిటర్ కింద ఉంచి ఇంటికి పంపిన వెంటనే ఇద్దరూ చనిపోయారు. అంతకుముందే ఆ తల్లిదండ్రులు మరో ముగ్గురిని పోగొట్టుకున్నారు. నిద్రలో ఊపిరి ఆగడమే సిడ్స్‌కు దారితీస్తుందని, అది వంశంలో రావచ్చని ఆయన వాదించారు. అదే నిజమైతే మానిటర్ పెట్టి చావును ఆపొచ్చు. భయపడిన తల్లిదండ్రులకు ఇంతకన్నా ఊరట ఏముంటుంది? ఇంటి మానిటర్లు వేల సంఖ్యలో అమ్ముడుపోయాయి, పెద్ద వ్యాపారం పెరిగింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ పత్రం పునాది కూలింది. ఒక ఫోరెన్సిక్ వైద్యురాలి అనుమానంతో మొదలైన దర్యాప్తు చివర, ఆ ఐదుగురు పిల్లలనూ తల్లే ఊపిరాడకుండా చేసి చంపిందని 1995లో కోర్టు తీర్పు చెప్పింది. ఆ పిల్లలవి సిడ్స్ మరణాలే కావని తేలింది.

అసలు శాస్త్రీయ జవాబు 2001లో వచ్చింది. చైమ్ అనే పేరుతో జరిగిన అధ్యయనంలో 1,079 మంది శిశువులను ఇళ్లలో ఏడు లక్షల గంటలకు పైగా మానిటర్లతో గమనించారు. 41 శాతం మందిలో అలారం మోగాల్సిన స్థాయిలో ఊపిరో గుండె వేగమో తగ్గిన సందర్భాలు నమోదయ్యాయి. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన పిల్లలూ వారిలో ఉన్నారు. నెలలు నిండని పిల్లల్లో తీవ్రమైన సంఘటనలు ఎక్కువే, కానీ గర్భం లెక్కన 43 వారాలు దాటేసరికి ఆ తేడా పోయింది. సిడ్స్ మరణాలు ఎక్కువగా జరిగేది ఆ తర్వాతే. అంటే అప్నియా తగ్గిపోయే కాలం, హఠాన్మరణం ముప్పు పెరిగే కాలం వేర్వేరు. 2003లో అమెరికా శిశువైద్యుల అకాడమీ, సిడ్స్‌ను ఆపడానికి ఇంటి మానిటర్లు రాయవద్దని చెప్పింది. అప్నియా తగ్గని కొందరు పిల్లలకు కొంతకాలం వాడుకోవచ్చు, అంతే.

నింద పడేది తల్లి మీదే

సిరక్యూస్ కథ విని ప్రతి తల్లినీ అనుమానించడం మొదలుపెడితే ఏమవుతుందో ఇంగ్లండ్ చూపించింది. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న సాలీ క్లార్క్‌కు 1999లో జీవిత ఖైదు పడింది. ఆమె ఇంటి లాంటి ఇంట్లో సిడ్స్ 8,543లో ఒకరికే వస్తుందని, ఆ అంకెను అంతే అంకెతో గుణించి, ఇద్దరూ అలా పోవడం ఏడు కోట్ల ముప్పై లక్షల్లో ఒక్కసారి మాత్రమే జరుగుతుందని ఒక పేరున్న శిశువైద్యుడు కోర్టులో చెప్పారు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే రక్తం ఉన్నప్పుడు రెండు మరణాలను సంబంధం లేని పాచికల్లా గుణించడం తప్పు. రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది. బిడ్డకు ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు చూపే పరీక్ష ఫలితాలను కోర్టుకు చెప్పలేదని కూడా బయటపడింది. 2003లో ఆమె విడుదలయ్యారు. నాలుగేళ్లకే చనిపోయారు.

సాలీ క్లార్క్ స్వయంగా న్యాయవాది. ఆమె తరఫున మాట్లాడటానికి గణాంక శాస్త్రవేత్తలున్నారు. ఒంటిగది ఇంట్లో బిడ్డను పక్కలో వేసుకుని పడుకున్న కూలి తల్లికి ఎవరున్నారు? ‘మీదపడి చంపుకుంది’ అన్న మాట ఆమెను జీవితాంతం వెంటాడుతుంది. కారణం తెలుసుకోవడం బిడ్డ హక్కు మాత్రమే కాదు, తల్లి హక్కు కూడా.

వెల్లకిలా పడుకోబెట్టడమే పెద్ద మందు

మానిటర్ల గొడవ నడుస్తుండగానే అసలు మార్పు వేరే దారిలో వచ్చింది. బిడ్డను బోర్లా పడుకోబెట్టడం పెద్ద ముప్పని పరిశోధనలు తేల్చాయి. న్యూజిలాండ్, బ్రిటన్ 1991లో, అమెరికా 1990ల మొదట్లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశాయి. పదేళ్లలో సిడ్స్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. యంత్రం లేదు, కరెంటు లేదు, ఖర్చు లేదు.

తెలుగు ఇళ్లలో పసిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం పాత అలవాటే. బోర్లా పడితే బొబ్బట్లు పంచడం కూడా ఉంది. కానీ అది బిడ్డ తనంతట తాను తిరిగినందుకు పండుగ. బిడ్డ తిరగడం, మనం తిప్పి పడుకోబెట్టడం ఒకటి కాదు. నెలలు నిండని పిల్లల విషయంలో ఇక్కడొక చిక్కుంది. ఆసుపత్రి యూనిట్లో ఊపిరి సులువుగా ఆడటానికి వాళ్లను బోర్లా ఉంచుతారు. అక్కడ మానిటర్ ఉంది, నర్సు ఉంది. అది చూసిన తల్లి ఇంటికెళ్లి అలాగే పడుకోబెడితే ప్రమాదం. ఇంటికి పంపే ముందే బిడ్డను వెల్లకిలా అలవాటు చేయాలి, తల్లికి ఆమె భాషలో చెప్పాలి. చేల గట్ల మీద చెట్టుకొమ్మకు కట్టే చీర ఉయ్యాలలో కూడా చిన్న బిడ్డ గడ్డం ఛాతీకి ఆనితే గొంతు మూసుకుపోతుంది. బిడ్డ ఉన్న గదిలో చుట్ట, బీడీ, సిగరెట్ పొగ ఉండకూడదు. ఈ మాటలకు పావుగంట చాలు. ఆ పావుగంట ఎవరికి దొరుకుతుందన్నదే అసలు సమస్య.

ప్రచారం అందరినీ ఒకేలా చేరదు. అమెరికాలో నల్లజాతి, మూలవాసి శిశువుల్లో నిద్రలో హఠాన్మరణాలు తెల్లజాతి శిశువుల్లో కంటే రెండింతలో, అంతకుమించో ఇప్పటికీ జరుగుతున్నాయి. న్యూజిలాండ్‌లో ప్రచారం తర్వాత కూడా మావోరీ పిల్లల మరణాలు ఎక్కువగానే మిగిలాయి. ‘బిడ్డను పక్కలో వేసుకోవద్దు’ అన్న ఆదేశం మావోరీ తల్లులకు ఎక్కలేదు. డేవిడ్ టిపెనే-లీచ్ అనే మావోరీ వైద్యుడు అల్లిక పనివాళ్లతో కలిసి 2005-06 ప్రాంతంలో నార ఆకులతో అల్లిన వహకురా అనే పడకబుట్టను ముందుకు తెచ్చారు. బిడ్డ తల్లి పక్కలోనే ఉంటుంది, కానీ తన సొంత బుట్టలో. తర్వాత జరిగిన అధ్యయనంలో అది మామూలు తొట్టె అంత సురక్షితమని తేలింది, పైగా తల్లిపాలు ఎక్కువకాలం కొనసాగాయి. బిడ్డను చేటలో పడుకోబెట్టిన అలవాటు మనకూ ఉంది, బుట్టలు అల్లే మేదరులు మన ఊళ్లలో ఉన్నారు. మనవాళ్లకు నప్పే ఉపాయం మనవాళ్లతోనే పుట్టాలన్నది ఇక్కడి పాఠం.

యంత్రం ఎవరి చర్మం మీద నేర్చుకుంది?

ఇప్పుడు పల్స్ ఆక్సిమీటర్ దగ్గరికి వద్దాం. జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1970ల మొదట్లో దీని సూత్రం కనిపెట్టారు. ఎరుపు కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతి చర్మం గుండా పంపి, రక్తం ఏ కాంతిని ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. దారిలో చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. ఈ పరికరాల అంకెలను సరిచూసింది చాలావరకు తెల్ల చర్మం ఉన్న ఆరోగ్యవంతులైన పెద్దల మీదే.

ఫలితం 1990లోనే ఒక అధ్యయనంలో కనిపించింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కోవిడ్ కాలంలో, 2020 డిసెంబర్‌లో అమెరికాలో మరో అధ్యయనం వచ్చింది. ఆక్సిమీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా రక్తపరీక్షలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తక్కువున్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం. నెలలు నిండని శిశువుల మీద 2022లో వచ్చిన అధ్యయనంలో కూడా ఈ తేడా ఉంది, కాస్త తక్కువగా. 2025 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ, ఈ పరికరాలను వేర్వేరు చర్మపు రంగుల వారిపై పరీక్షించాలని ముసాయిదా మార్గదర్శకాలు ఇచ్చింది.

కులానికి రంగు లేదు. దళితులందరూ నల్లగా, సవర్ణులందరూ తెల్లగా ఉంటారన్నది అబద్ధం. అయినా ఈ ప్రశ్న మనది. నల్లటి చర్మం ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ప్రభుత్వాలు కొంటున్న ఆక్సిమీటర్లను ఎవరి మీద సరిచూశారో టెండర్ పత్రాల్లో అడగాలి. చౌక రకం ఏ ఆసుపత్రికి వెళుతుందో, అందులో ఎవరి పిల్లలు ఉంటారో మనకు తెలుసు.

ఇక ఫోన్‌కు కబురు పంపే సాక్సులు. 2018లో రెండు కంపెనీల పరికరాలను ఆసుపత్రి మానిటర్‌తో పోల్చి చూస్తే, ఒకటి ఆక్సిజన్ పడిపోయినప్పుడు కొన్నిసార్లు పట్టుకుంది, కొన్నిసార్లు వదిలేసింది. రెండోది ఒక్కసారి కూడా పట్టుకోలేదు. ప్రసిద్ధ ఔలెట్ సాక్సుకు ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరిక లేఖ పంపింది. ఆ కంపెనీ కొత్త నమూనాకు 2023లో అనుమతి వచ్చింది, కానీ అది సిడ్స్‌ను ఆపుతుందని కాదు. దాని ధర సుమారు 300 డాలర్లు.

ఏది బతికిస్తుంది?

నెలలు నిండని పిల్లలకు ఆసుపత్రిలో మానిటర్ తప్పనిసరి. దాంతోపాటు మూడు కావాలి.

మొదటిది మందు. కాఫీలో ఉండే కెఫీన్‌నే కొలత ప్రకారం ఇస్తే బిడ్డ మెదడు ఊపిరిని మరిచిపోవడం తగ్గుతుంది. 2006, 2007లలో ఫలితాలు వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరీక్షలో ఊపిరితిత్తుల జబ్బు తగ్గింది, ఏడాదిన్నర వయసులో సెరిబ్రల్ పాల్సీ కూడా తక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఇది ఉంది.

రెండోది తల్లి ఛాతీ. 1970ల చివర కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే అనే వైద్యుడు బిడ్డలను తల్లుల ఛాతీకి కట్టి ఉంచడం మొదలుపెట్టారు. పేదల ఆసుపత్రిలో గతిలేక పుట్టిన ఈ పద్ధతే కంగారూ సంరక్షణ. భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే తక్కువ బరువు పిల్లల మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. తల్లి ఊపిరి, గుండె చప్పుడు, వెచ్చదనం బిడ్డకు తోడవుతాయి. తల్లి మెలకువగా ఉండి నిటారుగా ఛాతీకి ఆనించుకోవాలి, పక్క మీద వేస్తే మాత్రం వెల్లకిలాగే. అయితే దీనికి తల్లిని యూనిట్ లోపలికి రానివ్వాలి, ఆమెకు మంచం, తిండి ఇవ్వాలి. చాలా చోట్ల బాలింత వరండాలో చాప మీద ఉంటుంది, బిడ్డ అద్దం అవతల ఉంటుంది. ‘శుభ్రత’ పేరుతో ఎవరిని గుమ్మం దగ్గర ఆపుతారో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.

మూడోది నర్సు. జిల్లా ఆసుపత్రుల్లోని ప్రత్యేక నవజాత శిశు యూనిట్లలో (ఎస్‌ఎన్‌సీయూ) ప్రతి షిఫ్టులో మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలన్నది నియమం. ఒక పడకలో ఇద్దరు పిల్లలను పెట్టిన రోజున ఆ నియమం కాగితం మీదే ఉంటుంది. ఊరికే మోగే అలారాలు ఎక్కువైతే అసలు అలారం వినపడదు. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రి శిశు యూనిట్లో, 2024 నవంబర్‌లో ఝాన్సీ వైద్య కళాశాలలో మంటలు చెలరేగి పసికందులు చనిపోయారు. యంత్రాలతో నిండిన గది దానంతటదే భద్రం కాదు.

42వ రోజు తర్వాత

ఇంటికి పంపాక ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను చూస్తుంది. ఆ సందర్శనలు 42వ రోజుతో ముగుస్తాయి. తర్వాతిది మూడో నెలలో. ముప్పై వారాలకు పుట్టిన బిడ్డకు ఊపిరి ముప్పు తగ్గే 43 వారాల గడువు అంటే సుమారు మూడు నెలల వయసు. హఠాన్మరణాల ముప్పు ఎక్కువగా ఉండే రెండో నెల, నాలుగో నెల మధ్య కాలమూ దాదాపు ఇదే. సరిగ్గా ఆ వారాల్లోనే ఇంటికి ఎవరూ రారు. తల్లి కూలికి వెళ్లడం మొదలయ్యేదీ అప్పుడే. తల్లిపాలు సిడ్స్ ముప్పును తగ్గిస్తాయని తెలుసు, కానీ పనికి వెళ్లిన తల్లి పాలు ఎలా ఇస్తుంది? మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఇచ్చేది 5,000 రూపాయలు. సంఘటిత రంగ ఉద్యోగినికి 26 వారాల జీతంతో సెలవు చట్టంలో ఉంది. చేలో కలుపు తీసే తల్లికి, రోడ్లు ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి ఆ సెలవు ఏది?

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ అంబేద్కర్ మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశానికి అవసరమని వాదించారు. ఆయన, రమాబాయి తమ ఐదుగురు పిల్లల్లో నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు.

మనం అడగాల్సినవి

విద్యార్థి, ప్రజా సంఘాలు సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఆసుపత్రికి ఈ ప్రశ్నలు పంపొచ్చు.

1. ఎస్‌ఎన్‌సీయూలో మంజూరైన పడకలెన్ని, గత ఏడాది నెలవారీగా చేరిన పిల్లలెందరు, ప్రతి షిఫ్టులో నర్సులెందరు?

2. పనిచేస్తున్న మానిటర్లు, ఆక్సిమీటర్లు ఎన్ని, వాటిని చివరిసారి సరిచూసింది ఎప్పుడు, టెండర్‌లో చర్మపు రంగు పరీక్ష నిబంధన ఉందా?

3. కెఫీన్ సిట్రేట్ గత ఏడాదిలో ఎన్ని రోజులు నిల్వలో లేదు?

4. తల్లులు యూనిట్ లోపల ఉండటానికి మంచాలెన్ని, కంగారూ సంరక్షణ గది ఉందా?

5. ఇంటికి పంపిన నెలలు నిండని పిల్లల్లో ఆరు నెలల్లోపు చనిపోయినవారెందరు, ఆ మరణాలపై సమీక్ష జరిగిందా, సామాజిక వర్గాల వారీగా లెక్క ఉందా?

వీటితోపాటు, నెలలు నిండని ప్రతి బిడ్డ ఇంటికి 42వ రోజు తర్వాత కూడా రెండు వారాలకోసారి ఆశా కార్యకర్త వెళ్లేలా, ఆ పనికి ఆమెకు విడిగా డబ్బు చెల్లించేలా డిమాండ్ చేయాలి. ఆశాలలో చాలామంది మన ఇళ్ల ఆడవాళ్లే. వారి శ్రమను ఉచితంగా పిండుకుని బిడ్డలను కాపాడటం న్యాయం కాదు.

ఈలోగా ప్రతి ఇంట్లో తెలియాల్సింది ఇది. బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, ముఖం మీద గుడ్డ లేకుండా, తల్లి ఉన్న గదిలోనే, వీలైతే తల్లి పక్కనే వేరే పక్క మీద పడుకోబెట్టాలి. ఊపిరి ఆగినట్టు కనిపిస్తే అరికాలు, వీపు రుద్ది లేపాలి, పెదవులు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చే లోపు నోటితో ఊపిరి అందించడం ఎలాగో ఇంటికి పంపే ముందే ఆసుపత్రిలో నేర్పించమని అడగాలి. అది అడిగి తీసుకునే దయ కాదు, ఆసుపత్రి చేయాల్సిన పని.